పది రూపాయలు ఎవరి చేతికి?

ఒక ఉగాదికి శ్రీశైలం వెళ్లాను. నల్లమలలో రోజుల తరబడి నడిచొచ్చే కన్నడ భక్తులు భీముని కొలను మెట్లెక్కి కైలాసద్వారం చేరుతున్నారు. వాళ్ల వెనకే ఒకామె గోనెసంచిలోకి ఖాళీ నీళ్ల సీసాలు ఏరుతోంది. "మూట ఇంత పెద్దగుంటాది పాపా, కాటా మీద పెడితే ఏం తూగదు" అంది. గాజు సీసాలను ముట్టుకోలేదు. వాటికి ఏమీ రాదట, చేతులు తెగడం తప్ప.

ఖాళీ సీసాకు డిపాజిట్ మనకు కొత్త కాదు. కూల్‌డ్రింకు సీసా ఇంటికి తెచ్చుకోవాలంటే కొట్లో డబ్బు కట్టే రోజులు మనకు గుర్తే. ఆ సీసాను కడిగి, పగలకుండా దాచి, మాతో తిరిగి పంపింది అమ్మే. ప్లాస్టిక్ వచ్చాక ఆ చాకిరీ పోయిందనుకున్నాం. పోలేదు, మనకంటే పేద ఆడవాళ్ల నెత్తిన పడింది.

ఇప్పుడు డిపాజిట్ మళ్లీ వస్తోంది. పగిలిన సీసాలు అడవి జంతువులను గాయపరుస్తున్నాయని మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకున్నాక, 2022లో నీలగిరి మద్యం దుకాణాలు సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇవ్వసాగాయి. అదే ఏడాది కేదార్‌నాథ్‌లో నీళ్ల సీసాలకు క్యూఆర్ కోడ్ అంటించి 10 రూపాయల డిపాజిట్ పెట్టారు.

"ఇంటింటికీ చెత్తబండి వస్తుంటే ఇదెందుకు? పది రూపాయల కోసం ఎవరు వెనక్కి తెస్తారు?" అంటున్నారు కొందరు. పులులు తిరిగే అడవిదారికి ఏ చెత్తబండి వస్తుంది? పది రూపాయలంటే లెక్కలేనివాళ్లు పారేస్తారు, నిజమే. ఏరే ఆమెకు అది లెక్కే కదా! లీటరు నీళ్ల సీసా ఖాళీది పాతిక గ్రాములు తూగడం గగనం. కిలో కావాలంటే 40 సార్లు నడుం వంచాలి. పాత సామాన్ల కొట్టు బరువు తూచి డబ్బిస్తుంది. డిపాజిట్ సీసాలు లెక్కపెట్టి ఇస్తుంది. ఆ 40 సీసాలకు 400 రూపాయలు. గాజు సీసాకు కూడా విలువొస్తుంది.

అందుకే శ్రీశైలానికి ఇలాంటి పథకం కావాలంటాను. అయితే ఎలాంటిది? రసీదు చూపించు, ఫోన్లో యాప్ పెట్టుకో, ఖాతా నంబరు చెప్పు అన్నారంటే ఆమె గేటు బయటే ఆగిపోతుంది. కాంట్రాక్టరు మనుషులు సీసాలు పట్టుకుపోతే ఆమెకు ఇప్పుడొచ్చే నాలుగు రూకలు కూడా పోతాయి. సీసా ఎవరు కొన్నారని అడక్కుండా, తెచ్చినవాళ్ల చేతిలో అక్కడికక్కడే నోటు పెట్టాలి. ఎవరూ అడగని డిపాజిట్ కంపెనీల జేబులోకి కాక, ఏరేవాళ్ల చేతి తొడుగులకూ వైద్యానికీ పోవాలి.

ఇదే ఆమెకు విముక్తి అని నేననను. చెత్త ఏరే బతుకును శాశ్వతం చేసే హక్కు మనకు లేదు. కానీ ఆమె చేస్తున్న పనిని "సేవ" అని పొగిడి, కూలి ఎగ్గొట్టే హక్కు అంతకన్నా లేదు.