గుమ్మం దగ్గర మా పేరెందుకు?

గాజుల మలారం భుజానేసుకుని, చీరల మూట నెత్తినెత్తుకుని, కళాయి పూస్తామని కేకేసుకుంటూ మీ వీధులన్నీ తిరిగినోళ్ళం మేం. మీ ఆడపడుచుల ముంజేతులు పట్టుకుని పెళ్ళిగాజులు తొడిగినోళ్ళం. అరువిచ్చి, పంట చేతికొచ్చాక వసూలు చేసుకున్నోళ్ళం. రసీదు మీరడగలేదు, మేమివ్వలేదు.

ఇప్పుడు మా కేక వింటే గొళ్ళెం పడుతోంది. సరుకెంతని కాదు, పేరేంటని అడుగుతున్నారు. 2020 ఏప్రిల్లో, కరోనా రోజుల్లో, ఉత్తరాదిన కూరగాయల బండ్ల దగ్గర ఆధార్ కార్డులు చూపించమన్నారు. ఉత్తరప్రదేశ్‌లో ఒక శాసనసభ్యుడు ముస్లింల దగ్గర కూరలు కొనొద్దని బాహాటంగానే చెప్పాడు. 2021 ఆగస్టులో ఇండోర్‌లో గాజులమ్ముకునేవాణ్ణి నడివీధిలో కొట్టారు. దెబ్బలు తిన్నవాణ్ణి కూడా కేసు పెట్టి జైల్లో తోశారు. 2024లో కోర్టు నిర్దోషి అంది. ఈలోగా పోయిన బేరాలెవరిస్తారు?

దీన్ని జాగ్రత్త అంటున్నారు. జాగ్రత్తయితే దొంగ దొరకాలి కదా! బంగారానికి మెరుగు పెడతామని వచ్చేవాడి గిన్నెలో ఉండేది బంగారాన్ని కరిగించే ఆమ్లం. గొలుసు తళతళలాడుతూనే తిరిగొస్తుంది, తూకం తగ్గి వస్తుంది. తగ్గిన బంగారం వాడు ఆ నీళ్ళలోంచి తర్వాత తీసుకుంటాడు. వాడి పేరు మీ దేవుడి పేరే అయితే మీ తులం మీకు మిగులుతుందా? గ్యాసు పైపు తనిఖీ అంటూ ఇన్‌షర్టు వేసుకొచ్చినవాణ్ణి మాత్రం వంటింటిదాకా రానిస్తారు.

కార్డు అడగండి. మమ్మల్నీ అడగండి. కంపెనీల తరఫున నేరుగా ఇళ్ళకొచ్చి అమ్మేవాళ్ళు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా ఒప్పుకోలు తీసుకోకుండా గడప తొక్కకూడదని 2021 నిబంధనలు చెప్తున్నాయి. వీధి వ్యాపారులకు 2014 చట్టం గుర్తింపు కార్డు ఇవ్వమంది. మున్సిపాలిటీలు ఎందరికిచ్చాయన్నది వేరే గొడవ. ఇచ్చినచోట చూడండి, చూసి పేరు దగ్గర మొహం మార్చుకోకండి.

మావాళ్ళతోనూ పేచీ ఉంది మాకు. మగాళ్ళు గల్ఫులో, ఆడాళ్ళు గోషాలో ఉన్న ఇళ్ళు వాయిదాల సరుకులవాళ్ళకి బాగా తెలుసు. మిక్సీ ముందు, సంతకం తెల్లకాగితం మీద. ఇప్పుడు వేలిముద్ర మిషనొకటి వచ్చింది. ఆధార్ ముడిపడ్డ ఖాతాలోంచి ఆ వేలితోనే డబ్బు లాగేయొచ్చని అమ్మీలకెవరు చెప్పారు? సలాం చెప్పాడు గదా అని చాయ్ పోస్తాం. 2018లో హైదరాబాదులో, 2019లో బెంగుళూరులో హలాల్ లాభమన్న సంస్థలు కూలితే మునిగిందెవరు? మేమే. పర్దా తియ్యక్కర్లేదు, తలుపు గొలుసూ తియ్యక్కర్లేదు. లోపల్నుంచే బిల్లు అడగొచ్చు, ముందు డబ్బివ్వమనొచ్చు. మోసమైతే 1915, ఖాతాలో డబ్బు పోతే 1930.

సెక్యులర్ మిత్రులారా, మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో రిజిస్టరుంది. అందులో మొదటి గడి పేరు. ఏ కంపెనీ, ఏం సరుకు, ఎవరు రమ్మన్నారు? ఈ గడులెక్కడ గీశారు?