శిష్యుడు గురువునకు నకలు కారాదు

చిత్రలేఖనమనగా నల్లబల్లపై ఉపాధ్యాయుడు గీచిన కుండను ఉన్నదున్నట్లు దించుటయే యని పాఠశాలలలో పలువురు తలంతురు. బాలుని కుండ వేఱుగా నున్నచో మార్కులు తగ్గును. ఈ పద్ధతి యుక్తమా?

శాంతినికేతనమునందలి కళాభవనపు చరిత్రమే దీనికి సమాధానము. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు నెలకొల్పిన యా కళాభవనము విశ్వభారతి విశ్వవిద్యాలయమునందు చిత్రశిల్పకళల శాఖగా వర్ధిల్లినది. అచట నందలాల్ బోసుగారి శిష్యులలో రామకింకర్ బైజ్, వినోదబిహారీ ముఖర్జీగారలు ముఖ్యులు. గురువు చిత్రకారుడు కాగా, రామకింకర్‌గారు 1938లో సిమెంటు, కంకరలతో ‘సంతాలు కుటుంబ’మను శిల్పమును ఆరుబయట నిలిపిరి. పుట్టుకనుండియు చూపు మందమైన వినోదబిహారిగారు 1947లో హిందీభవనపు గోడలపై మధ్యయుగపు భక్తులను చిత్రించిరి. ఇరువురును గురువునకు నకళ్లు కారు. అయినను ఇరువురును అచటనే గురువులైరి. అచట చదివిన కె. జి. సుబ్రహ్మణ్యన్‌గారు పిమ్మట బరోడా విశ్వవిద్యాలయమున బోధించిరి. మెదకుసీమలోని నిజాంపూరున జన్మించిన లక్ష్మాగౌడుగారు ఆయనకడ నేర్చి, తెలంగాణపు పల్లెజీవనమును తమ గీతలలో నింపిరి.

భేదమును దోషముగా నెంచియుండినచో ఈ పరంపర తొలిమెట్టుననే తెగిపోయియుండును. అభ్యాసము వలదని మా యభిప్రాయము గాదు. చేతిని గురువు దిద్దవలయును. చూపుమాత్రము శిష్యునిదే కావలయును. కావున ఉపాధ్యాయులారా! బాలుని కుండ వంకరగా నున్నచో దిద్దుడు. వేఱుగా నున్నచో మార్కులు తగ్గింపక, ఏల యట్లు గీచితివని యడుగుడు.