అమ్మలక్కల కబుర్లు

'గాసిప్' అనే ఇంగ్లీషు మాట మన తెలుగులోనూ బాగా వాడుకలో పడింది. నలుగురు ఆడవాళ్లు ఒకచోట చేరితే చాలు, ఏం మాట్లాడుకుంటున్నారో వినకుండానే 'గాసిప్' అని కొట్టిపారేస్తారు. అదే పని మగవాళ్లు టీ కొట్టు దగ్గర చేస్తే రాజకీయ చర్చ!

ఈ మాట పుట్టుక తెలిశాక నాకు దానిమీద కోపం పోయి ఆసక్తి కలిగింది. పాత ఇంగ్లీషులో 'గాడ్‌సిబ్' అంటే బిడ్డ బాప్తిస్మంలో పూచీపడి, దేవుని పేర చుట్టమైనవారు. తర్వాత ఆప్తమిత్రులకు, ముఖ్యంగా పురిటి సమయంలో తోడుండే స్త్రీలకు ఆ పేరు వచ్చింది. 16వ శతాబ్దం నుంచి అది వదరుబోతు ఆడదానికి పేరుగా దిగజారింది. ఇంగ్లండు, స్కాట్లండులలో 'గయ్యాళి' అని ముద్రపడిన స్త్రీల తలకు ఇనుప చట్రం బిగించి, నాలుక కదలకుండా చేసి వీధుల్లో తిప్పిందీ 16, 17 శతాబ్దాలలోనే.

మన భాష చేసిందీ అదే. అమ్మ, అక్క అనే రెండు ఆప్తమైన పిలుపులు కలిస్తే పనికిమాలిన కబుర్లయ్యాయి. ఎరుకలసాని చెప్పే సోదె, విసుగు పుట్టించే 'సోది' అయింది.

మరి 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కేంద్రాల్లో ఆడవాళ్లు మాట్లాడుకున్నదేమిటి? ఎవరి మొగుడు కూలిడబ్బు సారాకి తగలేశాడు, ఎవరి ఒంటిమీద దెబ్బలున్నాయి - ఇవే. తన ఇంటి గుట్టు అనుకున్నది ఊరందరి బాధ అని వాళ్లకి అలాగే తెలిసింది. దూబగుంటలో మొదలైన కదలిక 1992లో జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించక తప్పలేదు.

మాటలతో సాటి స్త్రీ బతుకును బజారున పడేసేవాళ్లు లేరా అని అడగవచ్చు. ఉన్నారు, ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ. దాన్ని నింద అందాం, ఖండిద్దాం. కానీ నిందనూ, గోడు చెప్పుకోవడాన్నీ ఒకే మాట కింద కలిపేస్తే లాభం ఎవరికి? కొట్టే మొగుడికి, ఆఫీసులో చెయ్యివేసే అధికారికి.

2013 చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకుమించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ ఉండాలి. మంచిదే. అయితే కాగితం మీద ఫిర్యాదు రాయడానికి ముందు ఆమె పక్క సీటు స్త్రీతోనే గొంతు తగ్గించి చెప్పుకుంటుంది. ఆ మాటకు నవ్వితే ఆ కాగితం ఎప్పటికీ రాదు.

అందుకే మన మాటల్ని మనమే చులకన చెయ్యడం మానేద్దాం. మన హక్కుల పోరాటాలన్నీ అక్కడ మొదలైనవే.