తూకము తెలిసిన ఊరు

ఈ వారము కోలారు బంగారు గనుల ఊరగు రాబర్ట్‌సన్‌పేట అంగడివీధిలో చూచిన రెండు వ్యవహారములు నన్ను ఊరకుండనీయకున్నవి. తాకట్టు అంగడిలో ఒక గృహిణి కూతురి పెండ్లి ఖర్చునకై అమ్మజూపిన కాసుల హారమున, ఇంగ్లండు సవరనుల నడుమ, 1918లో బొంబాయి టంకశాల అచ్చొత్తిన 15 రూపాయల బంగారు నాణెమొకటి, కొక్కెము అతికింపబడియు ముఖము చెడక, కనబడుచుండెను. వర్తకుడు దానిని ఒరగల్లుపై గీచి, త్రాసులో వేసి, తక్కినవానితో కలిపి మూసలోనికి పంపెను. ఆ అంగడి అరుగుపై కూర్చున్న వృద్ధుడొకడు, చింతపండుతో తోమి తళతళలాడించిన 1862 నాటి విక్టోరియా రూపాయిని పంచెచెంగు ముడి విప్పి తీసి, "లచ్చలు పలుకుతుందంట గదా సామీ!" అని నన్నడిగెను.

వర్తకుడు మోసగించెనని అనజాలను. ఆ నాణెము సవరనువలెనే 7.988 గ్రాముల తూకమును, 22 కారట్ల మేలిమియు గలది. బంగారు ధర న్యాయముగానే కట్టెను. కాని అది 1918 ఒక్క యేడు మాత్రమే వెలువడినదనియు, కొక్కెము వలన వెల తగ్గినను లోహపు ధరకు మించియే పలుకుననియు చెప్పువారు ఆ వీధిలో లేకపోయిరి. ఆ యేటనే బొంబాయిలో అచ్చయిన సవరనులపై, గుఱ్ఱము కాళ్లక్రింద, తేదీకి పైన, చిన్న 'ఐ' అక్షరము కనబడును. దానిని వెదకువారెందరు?

ఇక ఆ వృద్ధుని రూపాయి. 1862 అని యున్నంతమాత్రాన అది ఆ యేటిదే కానక్కరలేదు. 1874 వరకు అదే తేదీతో అచ్చొత్తుచు వచ్చిరి, తేదీయొద్ద కనబడు చుక్కలే అసలు సంవత్సరమును సూచించునని పరిశోధకుల నిర్ణయము. చుక్కలు అనుకూలించినను, చింతపండు పులుపు పైపొరను తినివేసిన నాణెమును చూచి సేకర్తలు మొగము చిట్లింతురు. ప్రాచీనతయే వెల యను భ్రమ మనవారిని వదలదు. 1919 నాటి రూపాయి వెండి ధరకే పోవుచుండగా, దానికంటె ఇరువదియేండ్లు చిన్నదైనను అరుదైన 1939 రూపాయికై ఎగబడుదురు. అందుచేతనే 1938లోని ఎనిమిదిని తొమ్మిదిగా దిద్దువారును బయలుదేరిరి. పాత నాణెములకు లక్షలిత్తుమని తన పేరు చెప్పి రుసుములు గుంజు మోసగాండ్రను గూర్చి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించినది, వినువారేరి?

ప్రూఫ్ సెట్ల గతి మరియు దయనీయము. మెరుగుపెట్టిన అచ్చులతో ఒత్తి, అద్దమువంటి నేలపై బొమ్మ తేలునట్లు చేసిన ఆ నాణెములు వ్రేలిముద్రకే చెడును. అట్టి 1969 గాంధీ శతజయంతి పదిరూపాయల వెండి బిళ్లను పెట్టెనుండి పెకలించి, శుక్రవారము శుక్రవారము పసుపునీట అభిషేకించు ఇండ్లను నేనెరుగుదును. భక్తికి నమస్కారము, నాణెమునకు తిలోదకము.

ఈ జిల్లా బూదికోటలో జన్మించిన హైదరాలీ, తన వరహాలపై శివపార్వతులను నిలిపి, వెనుకవైపు తన పేరి తొలి యక్షరమును మాత్రము చెక్కించెను. అట్టివి మూసలో ఎన్ని కరగినవో! ఇచట జనులకు తూకము తప్ప వేరు కొలమానము నేర్పినవారెవరు? 1880లో జాన్ టేలర్ గనుల కంపెనీ అడుగిడిన నాటినుండి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు సుమారు 800 టన్నుల బంగారమును ఈ నేల ఇచ్చినది. టన్ను రాతికి గ్రాములెన్ని యను లెక్క ఒక్కటే దొరతనమునకు పట్టినది. ఆ లెక్క గిట్టుబాటు కానినాడు మనుష్యులనుకూడ పొల్లుతో పారవేసినది.

ఇప్పుడు ఆ పొల్లునకే గిరాకి వచ్చినది. గనుల సైనైడు వ్యర్థపు దిబ్బలలో మిగిలిన బంగారమును మరల తీయుటకు 2024లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది: 13 దిబ్బలు, వేయి యెకరములు. గాలి వీచినపుడు ఆ దుమ్మును పీల్చిన గనికార్మికుల లైనిండ్ల వారు ఏండ్లతరబడి ఇంటి హక్కుపత్రములకై తిరుగుచున్నారు. దిబ్బలో బంగారము గ్రాములెన్నియో తేల్చుటకు పరీక్షాధికారులను పంపగల ప్రభుత్వములు, పార పట్టకముందే, ఆ పత్రములను వారి చేతులలో పెట్టవలెను.