దరఖాస్తే పెట్టని సీటు (రిజర్వేషన్ల కథ - 6)

మిత్రులారా, "రాజ్యాంగం కులం చూడదు, మీరే చూస్తున్నారు" అని క్లాసులో ఎవరైనా అంటే ఒక్క తేదీ చెప్పండి: 1951 ఏప్రిల్ 9.

సుప్రీంకోర్టుకు అప్పటికి ఏడాదిన్నర కూడా నిండలేదు. చంపకం దొరైరాజన్ కేసులో ఏడుగురు జడ్జీలు ఒక్కమాటగా మద్రాసు రాష్ట్ర కమ్యూనల్ జీవోను కొట్టేశారు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే.

ఆ జీవోలో ప్రతి 14 సీట్లలో దళితులకు 2, బ్రాహ్మణులకూ 2. జనాభాలో బ్రాహ్మణుల వాటాను మించే అది! అయినా సమానత్వం దెబ్బతిందట. చంపకం మెడికల్ సీటుకు దరఖాస్తే పెట్టలేదు. ఆ మాట తీర్పులోనే ఉంది. రెండో పిటిషనర్ శ్రీనివాసన్ తరఫున వాదించింది ఎవరు? అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. మన నెల్లూరు జిల్లాలో పుట్టి, అంబేద్కర్‌తో పాటు డ్రాఫ్టింగ్ కమిటీలో కూర్చున్న మనిషి.

"కోర్టు రాసి ఉన్నదే చదివింది కదా" అంటారు. బలహీనవర్గాల చదువును పట్టించుకోమనే 46వ అధికరణం కూడా రాసి ఉన్నదే. దాన్ని ప్రాథమిక హక్కుల కింద అణిగి ఉండమన్నది కోర్టే. మమ్మల్ని బడి బయట నిలబెట్టిన శతాబ్దాలకు ఆ తీర్పులో ఒక్క పేరా లేదు.

దాన్ని సరిదిద్దింది కోర్టు కాదు. మద్రాసులో జనం రోడ్డెక్కారు. న్యాయమంత్రి అంబేద్కర్ పార్లమెంటులో ఆ తీర్పును తప్పుపట్టారు. జూన్‌లో మొదటి సవరణతో 15(4) వచ్చింది. ఈ రోజు నేను పాఠం చెప్తున్నా, మీరు వింటున్నా ఆ క్లాజు చలవే. కాబట్టి తీర్పు రాగానే తల వంచకండి. చదవండి, ప్రశ్నించండి.

వచ్చే భాగం: 1962, బాలాజీ కేసు, 50 శాతం గీత.

జై భీమ్.