చెయ్యి పెట్టి చూస్తే జ్వరం తెలియదు

కిందటి వానాకాలం ఓ రాత్రి మా గేదె మేత ముట్టలేదు. వీపు మీద చెయ్యేసి చూసి, జ్వరం లేదులే అనుకున్నాను. తెల్లారి డాక్టరుగారు థర్మామీటరు పెడితే 105 డిగ్రీలు! ఉండాల్సింది 101 దగ్గర. గొంతువాపు మొదలైందన్నారు. అదృష్టం, గేదె దక్కింది.

ఆయన దగ్గరే నాలుగు పనులు నేర్చుకున్నాను. మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూడటం. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి కడుపు కదలికలు లెక్కపెట్టడం. రెండు నిమిషాల్లో రెండు, మూడైనా ఉండాలి. గాయాన్ని ఉప్పునీళ్లతో కడగడం. మందు పోసేటప్పుడు నాలుక లాగకుండా, తల మరీ ఎత్తకుండా పట్టుకోవడం. ఇన్నేళ్లూ మెడ విరిచి గొట్టంతో పోసేవాళ్లం. అది ఊపిరితిత్తుల్లోకి పోతే గొడ్డు చస్తుందని అప్పుడే తెలిసింది.

పాడి చూసేది ఎక్కువగా ఆడవాళ్లమే. పొదుపు సంఘం సమావేశంలో నెలకో గంట అధికారులు ఈ పాఠం చెప్పించలేరా? సంఘానికో థర్మామీటరు ఇవ్వలేరా? గొంతువాపు టీకా తొలకరికి ముందే వేయించాలన్న మాటా అక్కడే గుర్తుచేయొచ్చు.

సూదులు, యాంటీబయాటిక్‌లు మన పని కాదు. వాటికి పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయాల్సిందే. అయితే "మేత తినట్లేదండీ" అనడం కంటే "105 జ్వరం, గొంతు వాచింది" అంటే వచ్చే డాక్టరు సిద్ధంగా వస్తాడు.