ఇల్లు - వాకిలి: పాత తక్తుకు కొత్త ఆయుష్షు

మా ఇంటి వాకిట్లో వేపచెట్టు కింద ఒక తక్తు ఉంది. నల్లతుమ్మ కోళ్ళు, టేకు పలకలు. మామగారు జీవించి ఉన్న రోజుల్లో మగ్రిబ్ నమాజు ముగించుకుని వచ్చి దానిమీదే కూర్చునేవారు. ఆయన గతించిన తరువాత దానిని పట్టించుకున్నవారు లేరు. నిరుడు పాత సామాన్లు కొనే వ్యక్తి వీధిలోకి వచ్చినప్పుడు నేనే పిలిచి బేరం పెట్టాను. అత్తగారు ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఆ బేరం అక్కడితో ఆగిపోయింది.

నగరాల్లోని దుకాణాలు ఇప్పుడు పాతబడినట్టు కనిపించే బల్లలను 'రస్టిక్' అనే పేరుతో మంచి ధరకు అమ్ముతున్నాయి. కొత్త చెక్కను గీకి, గాట్లు పెట్టి, దానికి లేని వయసును తెచ్చిపెడతారు. ఆ వయసు మన వాకిళ్ళలోని చెక్కకు సహజంగానే వచ్చింది. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చెక్కలోని పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు విడగొడతాయి. కురిసిన కొద్దిపాటి వాన దానిని కడిగివేస్తుంది. మిగిలేది వెండి వంటి బూడిదరంగు. అది చెక్క పుచ్చిపోయిందనడానికి గుర్తు కాదు. చాకుమొనతో గుచ్చి చూడండి. మొన సులువుగా దిగకపోతే లోపలి చెక్క గట్టిగానే ఉన్నట్టు.

ముందు పాత రంగు సంగతి

మా తక్తుకు ఎప్పుడో వేసిన నీలిరంగు పెచ్చులుగా లేచింది. ఒకనాడు చిన్న మనవడు ఆ పెచ్చును నోట్లో పెట్టుకోబోతే పట్టుకున్నాము. నేను నిజంగా భయపడింది అప్పుడే. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలను మించరాదని 2016లో మన దేశంలో నియమం చేశారు. అది 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చుననే అనుకోవాలి. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదు దానికి లేదు.

కాబట్టి పాత రంగును పొడిగా రుద్దవద్దు, మంటతో కాల్చవద్దు. నీళ్ళు చల్లి, తడి ఆరకుండా గీకండి. ముక్కుకు, నోటికి మంచి మాస్కు కట్టుకోండి. పిల్లలను, గర్భిణులను ఆ చుట్టుపక్కలకు రానివ్వవద్దు. కింద ప్లాస్టిక్ పట్టా పరచి, రాలిన పెచ్చులను మూటగట్టి పారవేయండి. వాటిని పొయ్యిలో వేయరాదు. కోళ్ళు తిరిగే నేల మీద వదలరాదు.

చెక్కకు కళ తెచ్చే విధానం

వానలు వెనుకబట్టిన తరువాత, ఎండ తీవ్రత లేని నెలల్లో ఈ పని పెట్టుకోండి. రంగు పోయిన పలకలను నీళ్ళతో, గట్టి బ్రష్షుతో చెక్క నార వెంబడి కడగండి. రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. వదులైన కీళ్ళను ముందే వడ్రంగి చేత బిగింపించండి. ఆపై 80 నంబరు ఉప్పుకాగితంతో, తరువాత 120తో, చివర 180తో నార దిశలోనే రుద్దండి. గాట్లను, పాత మేకుల గుర్తులను లప్పంతో పూడ్చవద్దు. పాతదనపు అందం వాటిలోనే ఉంది. గుచ్చుకునే పేళ్ళు మాత్రం మిగలకూడదు.

కొత్తగా మార్చిన పలక పాతవాటితో కలవకపోతే ఒక ఉపాయం ఉంది. గాజుసీసాలో సిర్కా పోసి, అందులో ఉక్కుపీచు వేసి రెండు మూడు రోజులు ఉంచండి. లోపల వాయువు పుడుతుంది కనుక మూత బిగించవద్దు. పలకకు ముందు చిక్కని టీ డికాక్షన్ పూసి, ఆరాక ఈ ద్రవం పూయండి. టీలోని టానిన్, ఇనుము కలిసి చెక్కను బూడిద-నలుపు రంగుకు తెస్తాయి. తుమ్మలో టానిన్ సహజంగానే ఉంటుంది. తోళ్ళను పదును చేయడానికి తుమ్మబెరడు వాడినది అందుకే. ముందుగా ఒక చిన్న ముక్క మీద పరీక్షించండి.

మూడేళ్ళ కిందట మేము మెరిసే వార్నిష్ వేసి పొరపాటు చేశాము. అది చెక్క పైన పొరగా నిలుస్తుంది. ఎండకు ఆ పొర పగిలి, మరుసటి ఏడాదికే పొట్టులా లేచిపోయింది. ఆరుబయటి చెక్కకు లోపలికి ఇంకే నూనె మేలు. రంగుల దుకాణంలో దొరికే లిన్సీడ్ ఆయిల్‌ను గుడ్డతో పలుచగా పట్టించి, పావుగంట తరువాత మిగులును తుడిచివేయండి. పూర్తిగా ఆరిన పిమ్మట మరొక పూత వేయండి. ఏటేటా ఒక పూత వేస్తే చాలు.

నూనె గుడ్డల విషయంలో జాగ్రత్త అవసరం. వాటిని ఉండగా చుట్టి మూలన పడవేస్తే నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోగలవు. విప్పి ఆరుబయట పరచండి, లేదా నీళ్ళలో ముంచి పారవేయండి.

కోళ్ళ అడుగు భాగానికి నూనె బాగా తాగించి, ఒక్కొక్క కోడు కింద తాడిపత్రి బండముక్క పెట్టండి. మట్టి తగలకపోతే చెదలు సులువుగా ఎక్కలేవు, ఎక్కినా కంటబడతాయి.

కొనకూడని చెక్క

గుంతకల్లు వంటి రైల్వే కూడళ్ళున్న ప్రాంతాల్లో పట్టాల కింది పాత చెక్క దిమ్మెలు అమ్మకానికి వస్తుంటాయి. చూడడానికి ఎంతో బాగుంటాయి. అయితే పుచ్చిపోకుండా వాటికి క్రియోసోట్ అనే విషపూరితమైన నూనెను పట్టించి ఉండవచ్చు. అది ఎండకు స్రవిస్తుంది, చర్మానికి హాని చేస్తుంది. నల్లగా, తారు వాసన వచ్చే దిమ్మెలతో కూర్చునే బల్లలు చేయించవద్దు.

మా తక్తు పని పూర్తి కావడానికి పది రోజులు పట్టింది. అంచున ఒకచోట, మామగారు తమ చేతికర్రను ఆనించే తావులో, చెక్క కొద్దిగా అరిగి గుంటపడి ఉంది. దానిని రుద్ది చదును చేద్దామా అని మా అబ్బాయి అడిగాడు. అత్తగారు వద్దన్నారు. ఇప్పుడు సాయంత్రాలు ఆమె అక్కడే కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు.